టిల్లరు ఇంజనుకు రిమోటు సపోర్టు

సాఫ్టువేరు ఉద్యోగంలో చేరిన ప్రతివాడికీ ఊళ్ళో ఒక బిరుదు ఉచితంగా వస్తుంది: "మావాడు మిషన్ల ఇంజనీరు". ఇక అక్కణ్ణుంచి టీవీ రిమోటు పనిచేయకపోయినా, ఫోనులో ఫోటోలు మాయమైనా, బ్యాంకు వాళ్ళ ఓటీపీ రాకపోయినా కబురు మనకే. మనం జావాలో రాస్తామా, డేటాబేసులు కాస్తామా అన్న వివరాలు అవతలివారికి అనవసరం. దేశం ఏదైనా ఈ సేవ తప్పదని మీలో చాలామందికి స్వానుభవమే అయ్యుంటుంది.

2025 మే నెలాఖర్లో నాకు వచ్చిన టికెట్టు మాత్రం కాస్త వింతది. చెడిపోయిన వస్తువు ఒక సెకండ్ హ్యాండు టిల్లరు. అది ఉన్నది తెనాలి దగ్గర మా ఊళ్ళో, మా ఇంటి వెనక దొడ్లో. నేనున్నది సింగపూరులో, పాయా లేబర్‌లో. మధ్యలో బంగాళాఖాతం, రెండున్నర గంటల తేడా. దాన్ని బాగుచేయడానికి మేం వాడిన పద్ధతి మనం రోజూ ఆఫీసులో చేసే డీబగ్గింగే కాబట్టి, ఈ వ్యాసంలో దాన్ని వరసగా చెబుతాను. ఇంజన్ల గురించి ఏమీ తెలియకపోయినా ఫర్వాలేదు. అవసరమైనంత మధ్యలో చెబుతాను.

ఇంతకీ టిల్లరెందుకు?

పాయా లేబర్‌లో ఉన్నవాడికి టిల్లరుతో పనేమీ లేదు. మలయా భాషలో ఈ పేరుకు 'విశాలమైన బురదనేల' అని అర్థమట గానీ, ఇప్పుడిక్కడ బురద చూద్దామన్నా దొరకదు. 1955 నుంచి 1981 దాకా సింగపూరుకు విమానాశ్రయం ఇక్కడే ఉండేది. అది చాంగికి తరలిపోయాక ఇది వైమానిక దళం వారి స్థావరమైంది. స్టేషను చుట్టూ అద్దాల ఆఫీసులు లేచాయి. మా అపార్టుమెంటు కింద మాత్రం ఒక చిన్న కమ్యూనిటీ తోట ఉంది. 2005లో ఇక్కడి పార్కుల శాఖ మొదలుపెట్టిన 'కమ్యూనిటీ ఇన్ బ్లూమ్' పథకం పుణ్యాన దేశమంతటా ఇలాంటివి వెలిశాయి. మా తోటలో ఎత్తుగా కట్టిన మళ్ళు నాలుగైదు ఉంటాయి. వాటికి చంకోల్ చాలు. చంకోల్ అంటే మన పారకు దగ్గరి చుట్టం.

మా నాన్నగారి సంగతి అలా కాదు. ఆయన హైస్కూల్లో సైన్సు మాస్టారుగా రిటైరయ్యారు. ఇంటి వెనక ఇరవై సెంట్ల నేలలో బెండ, బీర, గోంగూర, వంగ పండిస్తారు. మాది నల్లరేగడి. ఎండితే రాయి, తడిస్తే బంక. రెండింటికీ మధ్య పదును ఉండే రోజులు కొద్ది. ఆ కొద్ది రోజుల్లో దున్నితేనే దున్నినట్టు. అంత చిన్న చెక్కకు ట్రాక్టరు లోపలికి రాదు. కూలీలు దొరకరు. ఎద్దులు ఊళ్ళో ఎప్పుడో పోయాయి. అందుకని వేరే ఊరి రైతు దగ్గర ఒక పాత పవరు వీడరును, మా వైపు అందరూ టిల్లరనే అంటారు, రూ. 22,000కు కొన్నారు. ఎర్రటి కొత్త రంగుతో పెళ్ళికొడుకులా వచ్చింది. రెండు రోజులు దున్నింది. మూడో రోజు మొరాయించింది.

మెకానిక్కు వచ్చి తాడు రెండుసార్లు లాగి చూశాడు. "బోరు అయిపోయింది మాస్టారూ, కంప్రెషను లేదు. కొత్త ఇంజను వేయించాల్సిందే, పన్నెండు వేలవుతుంది" అన్నాడు. నాన్నగారు ఫోనులో ఆ సంగతి చెప్పి, "పోనీలేరా, ఈ ఏడాదికి దొడ్డి బీడు పెడతాను" అన్నారు. ఆ మాట నాకు నచ్చలేదు. ఆయనకు అరవై తొమ్మిదేళ్ళు. రెండేళ్ళ కిందట గుండెకు స్టెంటు వేశారు. పొద్దున్నే లేచి దొడ్లోకి వెళ్ళడమే ఆయనకు మందు, వ్యాపకం, పలకరింపు అన్నీనూ. అది బీడు పడితే ఆయన రోజు ఎలా గడుస్తుందో ఇంత దూరాన్నుంచి కూడా నాకు కనిపిస్తూనే ఉంది. మరోపక్క, స్టెంటు వేసిన మనిషి ఎండలో నిలబడి స్టార్టరు తాడును పాతికసార్లు గుంజడం అంతకంటే భయం. ఈ రెండు భయాల మధ్య మొదలైంది మా రిమోటు సపోర్టు.

యంత్రం పుట్టుపూర్వోత్తరాలు

తిరిగే కత్తులతో నేలను గుల్లచేసే ఆలోచన ఆస్ట్రేలియా వాడైన ఆర్థర్ క్లిఫర్డ్ హోవార్డ్ అనే ఆయనది. న్యూ సౌత్ వేల్సులోని గిల్గాండ్రా దగ్గర, తండ్రిగారి పొలంలో, 1912లో ప్రయోగాలు మొదలుపెట్టాడు. 1920లో పేటెంటు తీసుకున్నాడు. ఆ యంత్రానికి స్థిరపడ్డ పేరే 'రోటవేటర్', మన పల్లెల్లో ట్రాక్టర్ల వెనక తగిలించేది అదే. ఇంటర్వ్యూల్లో 'ముందునుంచి చదివినా వెనకనుంచి చదివినా ఒకటే అయ్యే మాటను పట్టే ప్రోగ్రాము రాయి' అని అడుగుతారే, ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే ఈ పేరు అలాంటి మాటే. మన లిపిలో రాస్తే ఆ సరదా పోతుంది లెండి.

ఇంజను కథ జపానుది. హోండా కంపెనీ తన మొదటి టిల్లరును 1959లో అమ్మింది. 1983లో జీఎక్స్ అనే వరసలో చిన్న ఫోర్ స్ట్రోకు ఇంజన్లు తెచ్చింది. అవి ఎంతగా పాతుకుపోయాయంటే, ఆ నమూనాను పోలిన ఇంజన్లను చైనాలో ఎన్నో కంపెనీలు తయారుచేస్తున్నాయి. పంపు సెట్టు, జనరేటరు, కాంక్రీటు కలిపే మిషను, మందు కొట్టే మిషను... ఎక్కడ చూసినా ఇదే పోలిక. మా టిల్లరు మీదున్నది కూడా ఆ కుటుంబంలోదే. మనకిది వరం. ఒకదాని కార్బురేటరు గురించి తెలుసుకుంటే వందింటి గురించి తెలిసినట్టే.

మొదటి పని: బగ్ రిపోర్టు

'పనిచేయడం లేదు' అన్నది బగ్ రిపోర్టు కాదని మనం టెస్టర్లతో ఎన్నిసార్లు అనుంటాం! నాన్నగారిని ఒక నోటుపుస్తకం తీసి వరుసలు గీయమన్నాను. ఏ పూట, ట్యాంకులో పెట్రోలు ఎంత, చోకు వేశారా తీశారా, ఎన్నో లాగుడుకు స్టార్టయింది, ఎన్ని నిమిషాలు నడిచింది, ఎలా ఆగింది. బడిలో రికార్డు పుస్తకాలు దిద్దిన చేయి కదా, అచ్చంగా రాశారు. తాడు లాగే పని మాత్రం పక్కింట్లో ఇంటరు చదివే కుర్రాడికి అప్పజెప్పాం. "తాతగారూ, మీరు రాయండి, నేను లాగుతాను" అని వాడు సంబరంగా దిగాడు.

రిపోర్టులో రెండు సంగతులు తేలాయి.

1. చోకు వేసి ఉంచితేనే ఇంజను నడుస్తోంది. తీస్తే ఊగిసలాడుతోంది. వేగం పెరగడం, తగ్గడం, మళ్ళీ పెరగడం.

2. పనిలో పెట్టిన కొద్ది నిమిషాలకు ఆగిపోతోంది. పది పదిహేను నిమిషాలు ఆగి లాగితే మళ్ళీ స్టార్టవుతోంది.

ఇక్కడే ఒక చిట్కా. ఇంజను చప్పుడు వినాలంటే వీడియో కాల్ పనికిరాదు. కాల్‌లో ఉండే నాయిస్ తగ్గించే ఏర్పాటు మనిషి గొంతును ఉంచి మిగతాదాన్ని తుడిచేస్తుంది. దాని దృష్టిలో ఇంజనే నాయిసు! కాబట్టి విడిగా వీడియో తీసి పంపమనాలి. ఫోర్ స్ట్రోకు, ఒకే సిలిండరున్న ఇంజను రెండు చుట్లకోసారి పేలుతుంది. అంటే నిమిషానికి 3,600 చుట్ల దగ్గర సెకనుకు 30 పేలుళ్ళు, 3,000 దగ్గర 25. ఆ ఫైలును కంప్యూటరులో ఆడాసిటీ లాంటి ప్రోగ్రాములో తెరిచి స్పెక్ట్రం చూస్తే, ఆ 30కో దాని రెట్టింపులకో దగ్గర గీతలు కనిపిస్తాయి. ఇంజను వేగం ఎంతో, ఎంత లయలో ఊగుతోందో టాకోమీటరు లేకుండానే తెలిసిపోతుంది.

బోరు నిజంగా పోయిందా?

ఏ పెట్రోలు ఇంజనుకైనా కావలసినవి నాలుగే. గాలి, పెట్రోలు, సిలిండరులో ఒత్తిడి, సరైన సమయానికి నిప్పురవ్వ. ముద్దాయి ఈ నాలుగింట్లో ఎక్కడో ఉంటాడు. మెకానిక్కు మూడోదాని మీద నేరం మోపాడు కాబట్టి ముందు దాన్నే విచారించాం.

తాడు లాగితే తేలిగ్గా వస్తోందన్నది ఆయన సాక్ష్యం. అయితే ఈ రకం ఇంజన్లలో కామ్ షాఫ్టు మీద ఒక చిన్న ఏర్పాటు ఉంటుంది. నెమ్మదిగా తిరిగేటప్పుడు అది ఎగ్జాస్టు వాల్వును కొద్దిగా ఎత్తి ఒత్తిడిని కావాలనే వదిలేస్తుంది. తాడు లాగేవాడి భుజం ఊడకుండా ఉండటానికన్నమాట. ఇంజను వేగం అందుకోగానే ఆ పరికరం పక్కకు తప్పుకుంటుంది. అంచేత చేతికి తేలిగ్గా తగిలినంత మాత్రాన బోరు పోయినట్టు కాదు.

మరి బోరు బాగుందని ఎలా చెప్పాలి? రింగులు అరిగితే ఇంజనాయిలు పైకొచ్చి కాలి, నీలం పొగ వస్తుంది. ఆయిలు మట్టం త్వరత్వరగా తగ్గుతుంది. వీడియోలో నీలం పొగ లేదు. డిప్ స్టిక్కు మీద ఆయిలు వారం రోజులుగా అదే గీత దగ్గరుంది. పైగా ఆగేలోపు ఇంజను రేగడిని చక్కగా దున్నుతోంది. ఒత్తిడి లేని ఇంజను ఆ పని చేయలేదు. పన్నెండు వేల ప్రతిపాదనను పక్కనపెట్టాం.

ఊగిసలాట: గవర్నరు గారి తప్పేమీ లేదు

చోకు పని గాలిని తగ్గించడం. చోకు వేస్తేనే బండి నడుస్తోందంటే, మామూలుగా అందే పెట్రోలు చాలడం లేదని అర్థం. ఇక ఊగిసలాట ఎందుకు? ఈ ఇంజన్లలో బరువు పడ్డా వేగం నిలకడగా ఉంచడానికి గవర్నరు అనే పరికరం ఉంటుంది. వేగం తగ్గితే త్రాటిల్ తెరుస్తుంది, పెరిగితే మూస్తుంది. మిశ్రమంలో పెట్రోలు పలచబడితే వేగం పడుతుంది. గవర్నరు గబుక్కున తెరుస్తుంది. వేగం హద్దు దాటుతుంది. గబుక్కున మూస్తుంది. ఇదే చక్రం. సర్వర్లను ఆటోస్కేలింగులో పెట్టినప్పుడు అవి ఒక్కసారిగా పెరిగి, ఒక్కసారిగా తగ్గి, మళ్ళీ పెరగడం మీరు చూసే ఉంటారు. రోగం అదే.

జేమ్స్ వాట్ 1788లో ఆవిరి యంత్రానికి గవర్నరు తగిలించాడు. అది ఎప్పుడు నిలకడగా ఉంటుంది, ఎప్పుడు ఊగిసలాడుతుంది అన్నదాని మీద మాక్స్‌వెల్ 1868లో గణిత వ్యాసం రాశాడు. 1948లో నార్బర్ట్ వీనర్ ఈ శాస్త్రానికి 'సైబర్నెటిక్స్' అని పేరు పెట్టింది ఓడ నడిపేవాడికి గ్రీకులో ఉన్న మాట నుంచి. గవర్నరు అన్న మాటకూ మూలం అదే. గూగుల్ వారు 2014లో విడుదల చేసిన కుబెర్నెటీస్‌కూ మూలం అదే. అంటే మనం ఆఫీసులో కంటైనర్లను కాయించే ఆ సారంగుకు, దొడ్లో టిల్లరు మీదున్న ఈ గవర్నరు దాయాదే.

పెట్రోలు తక్కువ అందడానికి మామూలు కారణం కార్బురేటరులోని సన్నని జెట్టు మూసుకుపోవడం. బండి కొనకముందు ఏడాదిగా పాకలో పడి ఉందట. భారతదేశంలో పెట్రోలులో ఇథనాలు కలపడం 2022లో 10 శాతానికి, 2025లో 20 శాతానికి చేరింది. ఇథనాలుకు గాలిలోని తేమను లాక్కునే గుణం ఉంది. నెలల తరబడి కార్బురేటరు గిన్నెలో నిలవుంటే అడుగున నీరు చేరి లోహాన్ని తింటుంది. పెట్రోలేమో ఆవిరై జిగురుగా మిగులుతుంది. ఈ తరహా ఇంజన్ల పాత మాన్యువళ్ళు చాలావరకు 10 శాతం ఇథనాలు దాకానే ఒప్పుకుంటాయన్న సంగతీ గుర్తుంచుకోండి.

మరుసటి పొద్దున్న ఊళ్ళో ఆరుగంటలు. ఇక్కడ ఎనిమిదిన్నర. నేను స్టేషను దాకా నడుస్తూ ఫోనులో చెబుతున్నాను, అక్కడ పని జరుగుతోంది. ఇంజను చల్లగా ఉంది. దగ్గర్లో పొయ్యి, బీడీ లేవు. పెట్రోలు కాక్ కట్టేశారు. 10 నంబరు స్పానరుతో అడుగు గిన్నె విప్పారు. అందులో తెల్లటి పొడి, నాలుగైదు నీటి బొట్లు. మధ్య గొట్టంలో మెయిను జెట్టు, పక్కన పైభాగాన పైలట్ జెట్టు. రెంటినీ విప్పి పెట్రోలులో నానబెట్టారు. జెట్టు రంధ్రం వెంట్రుకంత ఉంటుంది. దాంట్లో ఇనప తీగ పెడితే రంధ్రం పెద్దదై లేనిపోని రోగం వస్తుంది. పళ్ళ బ్రష్షు పోగొకటి దూర్చి, సైకిలు పంపుతో గాలి కొట్టారు. వెలుతురుకు అడ్డంగా పెట్టి చూస్తే చుక్క కనిపించింది.

కుర్రాడు రెండోసారి లాగేసరికి స్టార్టయింది. చోకు తీసినా చప్పుడు నిలకడగా ఉంది. స్పెక్ట్రంలో గీత కదలకుండా నిలబడింది. మొదటి టికెట్టు మూశాం.

రెండోది: వేడెక్కాక వచ్చే జబ్బు

అదే రోజు సాయంత్రం దున్నడం మొదలుపెడితే ఎప్పటిలాగే ఆగిపోయింది. కాసేపాగితే నడుస్తోంది. ఇలా విరామాలతో వచ్చే బగ్గులంటే మనకెంత ప్రీతో చెప్పక్కర్లేదు.

అనుమానితుల జాబితా రాశాను. ఒకటి, ఇగ్నిషను కాయిలు. కొన్ని కాయిళ్ళు వేడెక్కితే రవ్వ ఇవ్వడం మానేసి, చల్లారాక బుద్ధిగా పనిచేస్తాయి. రెండు, ఆయిలు తక్కువైతే ఇంజనును ఆపేసే సెన్సారు. బండి వాలినప్పుడు అది తప్పుగా పనిచేయవచ్చు. మూడు, వాల్వుల సందు. నాలుగు, పెట్రోలు దారిలో అడ్డు: ఫిల్టరు, కాక్, ట్యాంకు మూత.

జాబితాలో దేన్ని ముందు పరీక్షించాలి? ఎక్కువ అనుమానం ఉన్నదాన్ని అని పాఠం చెబుతుంది. మా దగ్గర మాత్రం ఒక్కో పరీక్షకూ ఖరీదుంది. కాగిపోతున్న ఇంజను నుంచి ప్లగ్గు విప్పితే చేయి కాలుతుంది. వాల్వుల సందు కొలవాలంటే ఫీలరు గేజి కావాలి. మూత తిప్పడానికి ఏమీ అక్కర్లేదు. కాబట్టి అనుమానం పక్కన ఖర్చు అని ఇంకో గడి గీసి, చవకైన పరీక్షలను పైకి తెచ్చాను. ఉత్పత్తిలో ఉన్న సర్వరును ఆపకుండా ముందు లాగులు చూస్తాం కదా, ఆ లెక్కే.

ఇక్కడ లాగు అంటే చప్పుడే. రవ్వ పోతే ఇంజను స్విచ్చి కట్టేసినట్టు టక్కున ఆగుతుంది. సెన్సారు ఆపినా అంతే. పెట్రోలు అందకపోతే మాత్రం నీరసించి, దగ్గి, ఒకటి రెండుసార్లు ఎగిరిపడి ఆగుతుంది. రికార్డింగులో ఇంజను ఆరేడు సెకన్ల పాటు కొట్టుకుని ఆగింది. మొదటి రెండు అనుమానాలూ వెనక్కిపోయాయి.

ఆ సాయంత్రం మా బ్లాకు కింద గడ్డి కోసే అన్న కనిపించాడు. జగిత్యాల వైపు మనిషి. పదేళ్ళుగా ఇక్కడే వీపున మిషను తగిలించుకుని గడ్డి కోస్తున్నాడు. పండగలకు పలకరించుకుంటాం. పని ముగించి మిషను తుడుస్తుంటే, మాటల్లో మా టిల్లరు గోల చెప్పాను. పూర్తిగా విననేలేదు.

"మూత సడలగొట్టి నడిపి సూడుమనుండ్రి సార్. ట్యాంకికి ఊపిరాడకపోతే పెట్రోల్ ఎట్ల దిగుతది? మా మిషిన్లకు దుమ్ముతోని గిట్లనే అయితది" అన్నాడు.

నా జాబితాలో చవక పరీక్ష కూడా అదే. రాత్రి నాన్నగారికి ఫోను చేసి మూత సంగతి చెప్పాను. ఆయన ఒక్క క్షణం మాట్లాడలేదు. పుటలు తిప్పుతున్న చప్పుడు వినపడింది.

"ఒరేయ్, ఇది బాయిల్ సూత్రంరా. పుస్తకంలో ఉండనే ఉంది. నిండా పోసిన రోజుల్లో నాలుగు నిమిషాలకు ఆగింది. సగం ఉన్నప్పుడు పన్నెండు నిమిషాలు నడిచింది. ఎందుకా అని నిన్నటినుంచి ఆలోచిస్తున్నాను" అన్నారు.

తర్వాత పావుగంట నాకు తొమ్మిదో తరగతి పాఠం జరిగింది. మీకూ క్లుప్తంగా చెబుతాను. ఈ ఇంజన్లలో పెట్రోలు పంపు ఉండదు. ట్యాంకు పైన, కార్బురేటరు కింద. పెట్రోలు తన బరువుతోనే దిగాలి. దిగిన మేరకు గాలి లోపలికి రావాలి. అందుకోసమే మూతకు గుండుసూదంత రంధ్రం ఉంటుంది. అది మూసుకుపోతే లోపలి గాలి పలచబడి, ఒత్తిడి తగ్గి, పెట్రోలును పైకే పట్టి ఉంచుతుంది. నీళ్ళు నిండిన స్ట్రా పైకొనను వేలితో మూస్తే నీళ్ళు కారనట్టు.

ఎంత తగ్గితే ఆగుతుంది? ఇరవై సెంటీమీటర్ల ఎత్తు పెట్రోలు కలిగించే ఒత్తిడి వాతావరణ పీడనంలో రమారమి ఒకటిన్నర శాతమే. ట్యాంకు మూడు లీటర్లదనుకోండి. నిండా పోస్తే పైన గాలి 300 మిల్లీలీటర్లు. దాంట్లో ఒకటిన్నర శాతమంటే ఒక చెంచాడు. చెంచాడు పెట్రోలు దిగగానే దారి బందు. సగం ట్యాంకుంటే గాలి లీటరున్నర. అప్పుడు నాలుగైదు చెంచాలు దిగేదాకా నడుస్తుంది. గిన్నెలో నిలవున్న పెట్రోలు వల్ల, రంధ్రం పూర్తిగా మూసుకోకపోవడం వల్ల ఆ చెంచాలు నిమిషాలయ్యాయి. ఆగాక పది నిమిషాలు ఊరుకుంటే సందుల్లోంచి గాలి మెల్లగా చేరుతుంది. మళ్ళీ స్టార్టు. చూసేవాళ్ళకు చల్లారితే నడుస్తోందనిపిస్తుంది.

కాయిలు చెడితే ట్యాంకులో పెట్రోలు ఎంత ఉందన్నదానితో దానికి నిమిత్తం ఉండదు. ఆ ఒక్క గడి నాన్నగారు రోజూ నింపడం వల్ల రెండు జబ్బుల మధ్య తేడా తేలింది.

పొద్దున్న మూత అర చుట్టు వదులు చేసి నడిపారు. పాతిక నిమిషాలు ఆగకుండా దున్నింది. ఇది పరీక్ష వరకే సుమా! వదులు మూతతో పనిచేస్తే కుదుపులకు పెట్రోలు చిమ్మి వేడి సైలెన్సరు మీద పడుతుంది. ఆపి, చల్లారాక మూత విప్పి చూశారు. పైన గాడిలో గట్టి మట్టి పెళ్ళ. దాని మీద ఎర్రరంగు. గోడలకు మట్టి గూళ్ళు కట్టే కందిరీగ ఉంటుందే, భ్రమరకీటక న్యాయంలోది, అది పాకలో ఉన్నన్నాళ్ళూ మూతను ఇంటి స్థలం చేసుకుంది. అమ్మేముందు ఎవరో పైపైన రంగు కొట్టేసి గూటికి పక్కా కప్పు వేశారు. గీకి, సూదితో రంధ్రం శుభ్రం చేస్తే పని అయిపోయింది. ఖర్చు సున్నా.

1947 సెప్టెంబరు 9న హార్వర్డు మార్క్ 2 కంప్యూటరు రిలేలో దొరికిన రెక్కల పురుగును లాగు పుస్తకంలో అంటించిన కథ మన వృత్తిలో అందరికీ తెలిసిందే. మా పుస్తకంలోనూ నాన్నగారు మట్టి పెళ్ళను టేపుతో అంటించారు. నవ్వులాటగా తీసుకోకండి. 2013 నవంబరులో బ్రిస్బేన్ నుంచి బయల్దేరిన ఒక ఎయిర్‌బస్ ఏ330 వేగం సరిగా తెలియక వెనక్కి దిగాల్సి వచ్చింది. విమానం నేలమీదున్న రెండు గంటల్లోనే వేగం కొలిచే గొట్టంలో కందిరీగ మట్టి గూడు పెట్టేసింది. కోట్ల రూపాయల విమానానికైనా, పాతికవేల టిల్లరుకైనా గాలి రంధ్రం గాలి రంధ్రమే.

మీ ఇంట్లోవాళ్ళు పాతది కొంటుంటే

కొత్త రంగును చూసి మురవద్దు. రంగు ఎందుకు వేశారని అడగండి. మూత రంధ్రం, ప్లగ్గు, రెక్కల మధ్య దుమ్ము చూడండి.

ముందే వేడిచేసి ఉంచిన ఇంజనును ఒప్పుకోవద్దు. చల్లగా ఉన్నప్పుడు మీ ఎదుట స్టార్టు చేయించండి. అరగంట పనిలో పెట్టండి. మా బండి రెండు జబ్బుల్లో ఒకటి మొదటి నిమిషంలో, రెండోది పదో నిమిషంలో బయటపడేది.

ప్లగ్గు విప్పి చూడండి. మూతి లేత గోధుమరంగులో ఉంటే ఆరోగ్యం. నల్లటి మసి ఉంటే పెట్రోలు ఎక్కువ, తెల్లగా ఉంటే తక్కువ. సందు 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్లు ఉండాలి. కారణం ఏదైనా, కత్తుల దగ్గర చేయి పెట్టేముందు ప్లగ్గు టోపీ పీకి పక్కన పెట్టాలి. ఇది పెద్దవాళ్ళకు పదిసార్లు చెప్పండి. వేడి ఇంజనులో పెట్రోలు పోయకూడదని, తలుపులు మూసిన పాకలో ఇంజను నడపకూడదని కూడా చెప్పండి. ఆ పొగలో వాసన తెలియని విషం ఉంటుంది.

నెల పైబడి వాడకపోతే పెట్రోలు కాక్ కట్టేసి, ఇంజను తనంతట ఆగేదాకా నడపాలి. గిన్నె ఖాళీ అవుతుంది. మా మొదటి టికెట్టు సగం అక్కడే పుట్టింది.

మృగశిర కార్తె ప్రవేశించేలోపు దొడ్డంతా దున్నడం అయిపోయింది. గడ్డి కోసే అన్నకు సంగతి చెప్పి, మా నాన్నగారు కృతజ్ఞతలు చెప్పమన్నారన్నాను. "పెద్దమనిషికి దండాలు చెప్పుండ్రి. తాడు ఆయనను గుంజనియ్యకుండ్రి" అన్నాడు. ఆ నోటుపుస్తకం మాత్రం ఆగలేదు. ఊళ్ళో వాళ్ళ మోటార్లు, మందు మిషన్లు కూడా ఇప్పుడు మాస్టారి దగ్గరకే వస్తున్నాయట. ఎవరొచ్చినా ఆయన అడిగే మొదటి ప్రశ్న: "ట్యాంకులో పెట్రోలు ఎంతుంది?"